గుండుగొలను కూడలి బొమ్మ గీసే ఇంజనీరు దొరగారికి

అయ్యా,

గుండుగొలను దగ్గర రోడ్డు రెండుగా చీలుతుందని తమకు తెలియంది కాదు. ఒకటి నల్లజర్ల, దేవరపల్లి మీదుగా కొవ్వూరు పోతుంది. రెండోది మా ఉంగుటూరు మీదుగా తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం తిరిగి రాజమండ్రి చేరుతుంది. ఒకప్పుడు పెద్ద రోడ్డు మాదే. కొత్తది వచ్చాక 16వ నంబరు జాతీయ రహదారి అన్న పేరు అటు పోయి, మాకు 216ఏ మిగిలింది. అంకెలు పెరిగాయి గదా, మర్యాద కూడా పెరిగినట్టేనా అని మా పక్కింటాయన సందేహం. ఆయన ఇప్పటికీ పాత పేరుతో ‘అయిదో నంబరు రోడ్డు’ అనే అంటాడు.

తమకెప్పుడైనా ఆ కూడలిని తిరగగీయాలని బుద్ధి పుడితే, పెన్సిలు పట్టేముందు ఈ నాలుగు ముక్కలూ చదవండి.

నాలుగు రోడ్లు కలిసేచోట బళ్ళ దారులు 32 చోట్ల ఒకదానికొకటి తగులుతాయనీ, మూడైతే 9 చోట్లేననీ తమ పుస్తకాల్లో ఉంటుందట. ఆ లెక్కలో రాంగ్ రూట్లో వచ్చే వరి గడ్డి ట్రాక్టరుందా? చేను ఎదురుగా కనిపిస్తుంటే ఎక్కడో యూటర్న్ దాకా వెళ్ళి రమ్మంటే డీజిలు ఎవడు పోస్తాడండీ? తమ కూడలి మద్రాసు నుంచి కలకత్తా పోయేవాడి కోసం. మాకు కావలసింది రోడ్డుకి ఇవతల నుంచి అవతలికి.

దాటించే విద్య మన నేలకి కొత్తేం కాదు. కోనసీమలో గన్నవరం అక్విడక్టు 1850ల్లోనే కాలవని గోదావరి పాయ మీద నుంచి దాటించింది. బెజవాడ పక్కన ఎనికేపాడు దగ్గర బుడమేరు వాగు, కాలవల కిందుగా దూరి కొల్లేటి దారి పడుతుంది. అండర్ టన్నెల్ అంటారు గానీ, నన్నడిగితే అదీ ఇంటర్ చేంజే.

కానీ కొల్లేటిని ఒకసారి చూడండి. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో మురుగు కాలవలు వచ్చి పడతాయి. సముద్రానికి దారి మాత్రం ఒక్క ఉప్పుటేరు. పైన ఎంత వెడల్పు చేసినా ఆ గొంతు మింగగలిగినంతే మింగుతుంది. బెజవాడలో బెంజ్ సర్కిల్ మీద రెండువైపులా ఫ్లైఓవర్లు వేశారు, సంతోషం. అక్కడ ఎగిరిన బళ్ళు దిగి, రామవరప్పాడు రింగు దగ్గర మళ్ళీ క్యూ కడుతున్నాయి. గుండుగొలనులో తీసిన ముడి ఎక్కడ పడుతుందో కూడా బొమ్మలో గీయండి.

ఇంకో మనవి. ఎక్కే దారినీ దిగే దారినీ పక్కపక్కనే పెట్టకండి. ఎక్కేవాడు కుడికి, దిగేవాడు ఎడమకి, ఒకే చోట జడ అల్లినట్టు అల్లుకుంటారు. వెనక సీటు మీద ధాన్యం బస్తా, ముందు మా మనవడు, పక్కన చేపల లారీ నీళ్ళోడ్చుకుంటూ హారను కొడుతుంటే, ఆ జడలో ఒక పాయ నేనే అయ్యాను మొన్న. కలిసే ముందు వేగం అందుకోవడానికి కాస్త పొడుగాటి దారి వదలండి. మా ఎక్సెల్ బండికి వేగం రావడానికి టైము పడుతుంది.

చిత్తగించవలెను,
ఉంగుటూరు నుంచి ఒక ఎక్సెల్ బండివాడు

తాజాకలం: ఫ్లైఓవర్ కింద సోడా బండికి చోటు చూపించండి. తమరు చూపించకపోయినా అది అక్కడే ఉంటుంది.