రీల్స్ వ్రత విధానం

ఈ వ్రతానికి తిథి, వారం, నక్షత్రం అక్కర్లేదు. స్నానం కూడా అక్కర్లేదు, పక్క మీంచి లేవకుండానే చేసుకోవచ్చు. అయిదేళ్లుగా నిష్ఠగా చేస్తున్నవాణ్ని కాబట్టి కొత్తవాళ్ల కోసం విధానం రాస్తున్నాను.

సంకల్పం: "ఒక్కటి చూసి పడుకుంటా" అని మనసులో అనుకోవాలి. పైకి అంటే ఇంట్లో సాక్షులు తయారవుతారు.

సామగ్రి: ఫోను, ఛార్జరు, ఛార్జరు వైరు అందేంత దూరంలో మంచం.

ఆవాహన: దేవుణ్ని పిలవక్కర్లేదు, ఆయనే వస్తాడు. 2020 జూన్ 29న మన దేశంలో టిక్‌టాక్‌ని నిషేధించారు. పీఠం పట్టుమని పది రోజులు ఖాళీగా లేదు. జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చి కూర్చున్నాయి.

ఆసనం: ఒక పక్కకు తిరిగి, మోచేతి మీద బరువు వెయ్యాలి. చెయ్యి తిమ్మిరెక్కిందంటే పూజ బాగా సాగుతున్నట్టే.

అర్చన: బొటనవేలితో. ఇదే అసలు ఘట్టం. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాల్ని పెట్టెలో పెట్టి, మీటను పొడిస్తే గింజ పడేలా చేశాడు. ఎన్ని పోట్లకు గింజ పడుతుందో తెలియకుండా చేస్తే అవి విసుగూ విరామం లేకుండా పొడిచాయి. ఇప్పుడు పెట్టె మన చేతిలో ఉంది. మొన్న రాత్రి నాకు పడ్డ గింజలివి: మొదట కొరమీను పులుసు. తర్వాత శంకర్‌పల్లి దగ్గర గజం ధర చెప్పే కుర్రాడు. ఆ తర్వాత యుద్ధంలో కూలిన ఇల్లు, దాని ముందు ఏడుస్తున్న తల్లి. నా గొంతులో ఏదో అడ్డంపడింది. ఈలోగా వేలు తన పని తాను చేసుకుపోయింది. ఓ పిల్లి సోఫా మీంచి జారిపడింది, నేను నవ్వాను. ఆ తల్లి కోసం వచ్చిన దుఃఖం ఎటు పోయిందో ఇప్పటికీ తెలీదు. పోయిన నిద్ర కంటే నాకు అదే ఎక్కువ భయం.

నైవేద్యం: కంచంలో ఉన్నది పప్పో పులుసో తెలిసిందంటే వ్రతభంగం.

బాలశిక్ష: "ఎప్పుడూ ఆ ఫోనేనా?" అని పిల్లల్ని కేకలెయ్యాలి. ఆ సమయంలో మన వీడియోని పాజ్‌లో పెట్టడం మర్యాద.

కథాశ్రవణం: కథ వినకపోతే వ్రతఫలం దక్కదంటారు. అందుకని ఆదివారం టీవీలో 1957 నాటి 'మాయాబజార్' పెట్టాను. మూడు గంటల సినిమా, చిన్నప్పుడు కదలకుండా చూసిందే. పావుగంటకే చెయ్యి ఫోను వెతుక్కుంది. ఫోన్లో వచ్చిందేమిటయ్యా అంటే, ఆ సినిమాలోనే ఘటోత్కచుడి వేషంలో రంగారావు భోజనం, ఒక ముక్క. గోడ మీద పెద్ద రంగారావు ఇంకా రాకముందే అరచేతిలో చిన్న రంగారావుని చూసి, పైకి తోసేశాను. గ్లోరియా మార్క్ అనే పరిశోధకురాలు 2004లో కొలిస్తే ఆఫీసుల్లో మనుషుల చూపు ఒక తెర మీద సగటున రెండున్నర నిమిషాలు నిలిచింది. తర్వాతి ఏళ్లలో అది 47 సెకన్లకు దిగింది. ఆ పాపమంతా రీల్స్‌దే అనను. నా వాటా పాపం మాత్రం నాదే.

ఫలశ్రుతి: కళ్లమంట, మెడనొప్పి, కుక్కర్ ఎన్ని విజిళ్లు వేసిందో గుర్తులేకపోవడం. 2024కి ఆక్స్‌ఫర్డ్ వాళ్లు ఆ ఏటి మాటగా 'బ్రెయిన్ రాట్'ని ఎంచుకున్నారు. "బుర్ర పాడైపోతుందిరా" అని మా అమ్మ ఆ మాట ఎప్పుడో చెప్పింది.

ఉద్వాసన: లేదు. ఏ పూజకైనా చివర ఉద్వాసన ఉంటుంది, పాత సినిమాకు శుభం పడుతుంది, పేపరుకు ఆఖరి పేజీ ఉంటుంది. పేజీకి అడుగన్నది లేకుండా చేసే ఉపాయం 2006లో ఎజా రాస్కిన్ అనే డిజైనర్‌కు తట్టింది. తర్వాత ఆయనే బాధపడ్డాడు. ఎప్పుడు లేవాలో యంత్రం చెప్పదు కాబట్టి ఆ మంత్రమేదో మనమే చదువుకోవాలి.

మంత్రం రాకపోయినా ఫరవాలేదు. పూజయ్యాక పసుపు గణపతిని కాస్త కదుపుతాం కదా, అలాగే ఫోన్ని కదపండి. పక్క గదిలోకి.