మైనం మావయ్య

ఫ్రీమాంట్‌లో ఇల్లు కొనే తెలుగువాళ్లు ముందు స్కూళ్ల రేటింగు చూస్తారు, తర్వాత వాస్తు. మైనం మావయ్య మాత్రం భూకంపాలు తెచ్చే హేవర్డ్ ఫాల్ట్ ఎంత దూరమో మ్యాపులో కొలుచుకున్నాడు. "అది 1868లో కదిలింది. మళ్లీ కదలనని మీకేమైనా రాసిచ్చిందా?" అని సిద్ధాంతిగారినే నిలదీశాడు.

ఆయనింట్లో ఏదీ ఓ పట్టాన చేతికి రాదు. కొండపల్లి అంబారీ ఏనుగు, ఏటికొప్పాక లక్కబొమ్మలు, పెళ్లికొచ్చిన గాజు కూజా, అన్నిటి అడుగునా బఠాణీ గింజంత మ్యూజియం వ్యాక్సు ముద్దలే. తంజావూరు పటం నోరు మూసుకునే కొక్కేనికి వేలాడుతుంది. మంచం తలవైపు గోడ బోసి. బీరువాలకు గోడతో పట్టీలు. వంటింటి అరలకు గొళ్లాలు చూసి "చంటిపిల్లలున్నారా?" అంటారు వచ్చినవాళ్లు. పిల్లలు ఉద్యోగాల్లో చేరిపోయారు.

లాస్ ఏంజెలస్ గెట్టీ మ్యూజియంలో జనం శిల్పాల ముఖాలు చూస్తుంటే ఈయన వంగి పీఠాల కిందకి చూస్తాడు. నేల ఊగినా విగ్రహం పడకుండా పక్కకు జారే పీఠాలను అక్కడివాళ్లు తయారుచేసుకున్నారు మరి. మనం నవ్వుతాం గానీ, 2014 ఆగస్టులో నాపా కదిలిన తెల్లవారుజామున పగిలిన వైను సీసాలను తలుచుకుంటే ఆ నవ్వు కాస్త తగ్గుతుంది.

తెనాలి నుంచి వచ్చిన అత్తగారు మర్నాడే దుమ్ము దులపబోయారు.

"అల్లుడుగారూ, ఈ ఏనుగు వేళ్లూనిందేమిటి?"

"లాగకండి అత్తయ్యగారూ. మెల్లిగా తిప్పుతూ ఎత్తాలి."

"దుమ్ము దులపడానికీ ట్రైనింగేనా నాయనా!"

అసలు గొడవ దసరా కొలువు దగ్గర వచ్చింది. బరువైనవన్నీ కింది మెట్టు మీదే ఉండాలన్నాడు మావయ్య. "అయితే అమ్మవారిని కింద కూర్చోబెట్టి, శెట్టిగారిని నెత్తినెక్కించమంటావా?" అన్నారావిడ, 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది. రాజీ కుదిరి కలశం పైమెట్టు మీదే ఉంది. రాత్రి అందరూ పడుకున్నాక మావయ్య దాని అడుగున నాలుగు మైనపు ముద్దలు పెట్టి నొక్కాడు.

దశమి వెళ్లాక ఉద్వాసన. మంత్రం చెప్పి కలశాన్ని కదపబోయారు అత్తగారు. కదల్లేదు. మళ్లీ చెప్పారు. ఊహూఁ. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "తల్లికి మన ఇల్లు వదిలి వెళ్లాలని లేదే!" అంటూ కూతుర్ని పిలిచి మొక్కించారు.

మావయ్య బాత్‌రూమ్‌లోకి పరిగెత్తి డెంటల్ ఫ్లాస్ తెచ్చాడు.