అసలు రంగు: ఒక ఆటవెలది, దాని టీకా తాత్పర్యం

దాగి యుండు నసలు తలుపుల రబ్బరు
క్రింద నెండ సోక కెపుడు రంగు;
కోడు పలుకు మాట కొంతయె సత్యము,
ఎండ చెప్పు తీర్పు కెదురు లేదు.

సందర్భం: అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. తాతగారి బండిని ఆనాటి రంగులోకే తేవాలని పెయింటింగ్ షెడ్డులో కాలుపెట్టిన మనవడికి మేస్త్రీ చేసిన ఉపదేశం.

ప్రతిపదార్థం: అసలు రంగు = కంపెనీ గేటు దాటేనాటి రంగు; తలుపుల రబ్బరు క్రింద = బీడింగు పీకితే కనబడే అంచున; ఎపుడు ఎండ సోకక = ఏనాడూ వెలిసిపోక; దాగియుండును = ఓపికుంటే దొరకును. మిగతావి సుబోధకాలు.

టీక: రబ్బరు ఉపలక్షణం మాత్రమే. డిక్కీలో స్టెప్నీ వెనక, డాష్‌బోర్డు అడుగున అని కూడా గ్రహించాలి. వాటర్ పేపరుతో రూపాయి బిళ్లంత మేర మెల్లగా రుద్దితే పొరలు వలయాలుగా తేలతాయి. పైన మొన్నటి రంగు, దాని కింద లప్పం, ఆ కింద మధ్యలో కొన్నవాడి సరదా, అట్టడుగున ప్రైమర్. ఫ్యాక్టరీ ప్రైమర్‌ను అంటుకున్నదే మూలం. దానికి కాంపౌండ్ పెట్టి మెరిపించాకే పోల్చాలి.

‘ఎండ సోక కెపుడు’: ఇక్కడ కవి పొరబడ్డాడు. ఎరుపు, నీలాల దాకా ఆయన మాట చెల్లుతుంది. కానీ అంబాసిడర్ అనగానే ముందు గుర్తొచ్చేది తెలుపు! నూనె కలిసిన పాత ఆల్కిడ్ ఎనామెల్ తెలుపు చీకట్లోనే పచ్చబడుతుంది, వెలుతురు తగిలితే కొంత తేరుకుంటుంది. రబ్బరు కింది మీగడ రంగే మూలమని బండంతా కొట్టిస్తే తాతగారు కూడా గుర్తుపట్టరు. బీడింగు పీకాక ఆ అంచును కొన్నాళ్లు వెలుతుర్లో ఉంచి చూడటం మేలు.

‘కొంతయె సత్యము’: రంగు కోడు అబద్ధమాడదు. ఏ రంగు కొట్టాలనుకున్నారో చెబుతుంది. ఆ పూట డ్రమ్ములో ఏముందో చెప్పదు. పైగా ఒకప్పుడు పసుపు, నారింజ ఛాయలకు వాడిన లెడ్ క్రోమేట్‌ను ఇప్పుడు సీసం లేని వర్ణకాలతో భర్తీ చేస్తున్నారు. దినుసు మారితే, ట్యూబ్‌లైటు కింద కలిసిన రంగు వీధిలోకి రాగానే విడిపోవచ్చు. శాస్త్రకారులు దీన్ని మెటమెరిజం అన్నారు. మేస్త్రీ దీన్ని అన్న మాట ఇక్కడ అచ్చువేయలేం. స్పెక్ట్రోఫోటోమీటర్‌ను నమ్ముకుందామా అంటే, అది ఎదురుగా ఉన్నదాన్నే కొలుస్తుంది. వెలిసిన రంగు చూపిస్తే వెలిసిన రంగుకే ఫార్ములా ఇస్తుంది.

‘ఎండ చెప్పు తీర్పు’: రంగును చెడగొట్టిన ముద్దాయినే జడ్జీగా కూర్చోబెట్టడం ఇందులోని చమత్కారం. రేకుముక్క మీద కొట్టి, పూర్తిగా ఆరనిచ్చి, బండి పక్కన పెట్టి ఆరుబయట చూడాలి. చూసేవాడు ఎర్రచొక్కా వేసుకుని రాకూడదు; ఆ నీడ రంగు మీద పడుతుంది.

తాత్పర్యం: డబ్బా కొనకముందు బీడింగు పీకు, కొన్నాక వాకిట్లోకి నడు.

పాఠాంతరం: కొన్ని షెడ్లలో నాలుగో పాదాన్ని ‘ఓనరు చెప్పు తీర్పు కెదురు లేదు’ అని చదువుతారు. గణమూ చెడింది, యతీ చెడింది. బిల్లు కట్టేది ఆయనే కాబట్టి లాక్షణికులు పట్టించుకోలేదు.