నడవని కారును ఇంటికి తెచ్చుకునేవారికి ఏడు సలహాలు

2014 జనవరిలో మారుతి 800, అదే ఏడాది మేలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. అయినా ఏ చింతచెట్టు కింద పాత బండి కనబడినా "దీన్ని బాగుచేయిస్తే ఎట్లుంటదో" అని ఆగి చూసేవాళ్లకు మన భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ జిల్లాల్లో కొదవ లేదు. భూపాలపల్లిలో ఏ సింగరేణి క్వార్టర్ వెనకాలో, మానుకోట (మహబూబాబాద్)లో ఏ మూతపడ్డ షెడ్డులోనో ఒకటి దొరకనే దొరుకుతుంది. బేరం తెగుతుంది, తాళం చేతికొస్తుంది. ఇంజన్ మాత్రం పలకదు. ఇల్లేమో జనగామలో. కారు కొనడానికి అయిన డబ్బంతా కిరాయిలోనే మిగుల్చుకుంటామని పట్టుబట్టినవారికి ఈ సలహాలు.

1. చక్రాలు తిరుగుతాయో లేదో చూడకండి

నాలుగు వానాకాలాలు హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలేసిన బండికి బ్రేక్ షూలు డ్రమ్ముకు తుప్పుతో అతుక్కుపోతాయి. బయానా ఇచ్చే రోజే ఒకసారి తోసి చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. కానీ అట్లా తోస్తే అమ్మేవాళ్లు నొచ్చుకోరూ? కాబట్టి తోయొద్దు. జాకీ, పానాలు, గాలి పంపు వెంట తీసుకెళ్లొద్దు. కిరాయి బండి వచ్చి నిలబడ్డాక, డ్రైవర్ గడియారం చూసుకుంటున్నప్పుడు తెలుసుకుంటేనే మజా.

2. కాగితాలు తర్వాత చూసుకోండి

నంబర్ ప్లేటు మీద ఏపీ 36 అని ఉంటుంది, ఉమ్మడి వరంగల్ నాటిది. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయి భూపాలపల్లికి 25, మహబూబాబాద్‌కు 26, జనగామకు 27 వచ్చాయి. ఇన్ని అంకెల మధ్య ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరూ బండి మీది నంబరూ ఒకటేనా అని చూడటం ఎవరి తరం? ఫారం 29, 30 మీద పాత యజమాని సంతకాలు అప్పుడే పెట్టించుకోకండి. కాళేశ్వరం దగ్గర గోదావరి అవతల సిరోంచలో చవగ్గా దొరికిన మహారాష్ట్ర బండైతే అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్ఓసీ ఊసే ఎత్తకండి. దారిలో పోలీసులు ఆపితే "మాదే సార్" అనండి. నమ్ముతారు.

3. టేపు పెట్టి కొలవకండి

అంబాసిడర్ పొడవు సుమారు 14 అడుగులు, బరువు టన్ను పైమాటే. టాటా ఏస్ వెనక తొట్టి 7 అడుగులు. సగం కారు లోపల, సగం బయట, లెక్క సరిపోయింది. మారుతి 800 అయితే 11 అడుగులే కాబట్టి బయట మిగిలేది నాలుగే. డీసీఎం వ్యాన్ మాట్లాడుకోమని ఎవరైనా చెబితే వినకండి. మరీ తప్పకపోతే పత్తి సీజన్ నడిమధ్యలో, డీసీఎంలన్నీ వరంగల్ ఎనుమాముల మార్కెట్ దారిలో ఉన్నప్పుడే అడగండి. సరుకు దించి ఖాళీగా తిరిగిపోయే బండి తక్కువకే వస్తుందన్న రహస్యం మీకు తెలియనట్టే ఉండండి.

4. ట్రాక్టర్‌కు కట్టి గుంజండి

ఇది బావమరుదులున్న ప్రతి ఇంట్లో పుట్టే ఆలోచన. "ఏం గాదు బావా, నేను స్టీరింగ్ పడ్త, మెల్లగ గుంజుకపోదాం." బోరు మోటారు దించే తాడు తెచ్చి, తుప్పుపట్టిన బంపర్‌కు కట్టండి. రెండు బండ్ల మధ్య దూరం 5 మీటర్లు మించొద్దని నిబంధన. మీరు పది వదలండి, చూడ్డానికి బాగుంటుంది. వెనక గుంజుకుపోతున్న కారులో స్టీరింగ్ దగ్గర లైసెన్స్ ఉన్న మనిషి కూర్చోవాలన్నదీ నిబంధనే. బావమరిదికి లైసెన్స్ లేకపోయినా ధైర్యం ఉంది కదా.

తాళంచెవి తీసి మీ జేబులో వేసుకోవడం మరవకండి. చాలా కార్లలో చెవి తీశాక స్టీరింగ్ కొంచెం తిరగ్గానే లాక్ పడిపోతుంది. ఆ లాక్ సరిగ్గా పరకాల మలుపులో, ఎదురుగా బొగ్గు లారీ వస్తున్నప్పుడు పడితే బావమరిది భక్తిపరుడవుతాడు. బూస్టర్ బ్రేకులున్న బండైతే ఇంజన్ నడవనప్పుడు పెడల్ గట్టిపడిపోతుంది, మామూలుకన్నా చాలా బలంగా తొక్కితే గానీ బ్రేకు పడదు. ఆ మాట ముందే చెప్పి అతన్ని భయపెట్టకండి.

5. ఎక్కించేటప్పుడు అందరి మాటా వినండి

తెలిసినవాళ్లు డీసీఎంను రోడ్డు పక్క గడ్డకు వెనక్కి ఆనించి, డాలా దించి, మందపాటి చెక్కలు వేసి, ముందునుంచి తాడుతో గుంజుతూ వెనక ఇద్దరు అడ్డచెక్కలు పట్టుకుని మెల్లగా తోస్తారు. అరగంటలో అయిపోతుంది. అందులో చూడముచ్చట ఏముంది? జేసీబీని పిలవండి. గొలుసు కిటికీల్లోంచి దూర్చి పైకి లేపితే, పైకప్పు మెల్లగా గుడారంలా ముడుచుకుంటుంది. చుట్టూ చేరిన పదిమందిలో ఒకరు "లెఫ్ట్ గొట్టు" అంటారు, ఇంకొకరు "రైట్ గొట్టన్నా", మూడోవారు "ఆపు ఆపు" అంటారు. ముగ్గురి మాటా ఒకేసారి పాటించండి.

6. కట్టడం మీద నమ్మకం ఉంచండి, చూపు ఉంచకండి

చక్రాలకు, యాక్సిల్‌కు బెల్టులు అడ్డంగా బిగించి, మొదటి గేర్‌లో పెట్టి, టైర్ల కింద చెక్కలు కొట్టడం పిరికివాళ్ల పని. బాడీకి నాలుగు చుట్లు చుట్టి వదిలేయండి. స్ప్రింగులు ప్రతి స్పీడ్‌బ్రేకర్‌కూ కిందికి దిగి తాడును వదులు చేస్తాయి. బయలుదేరిన పది పదిహేను కిలోమీటర్లకు ఒకసారి ఆగి బిగింపు చూసుకుంటే సరిపోయేది, కానీ మీరు చాయ్ కోసం మాత్రమే ఆగండి. బానెట్‌ను వైరుతో కట్టొద్దు. పాత లాక్ ఊడి, ఎదురుగాలికి బానెట్ లేచి వెనక్కి పడితే అద్దం కూడా కొత్తది వేయించుకునే అవకాశం వస్తుంది. బ్యాటరీ వైర్లు తీయకండి, ట్యాంకులో పాత పెట్రోలు తోడేయకండి. డ్రైవర్‌కు బీడీ అలవాటుంటే మరీ మంచిది.

7. దించడం గురించి ఆలోచించకండి

ఎక్కించిన చోట గడ్డ ఉంది. జనగామలో మీ గల్లీలో ఉందా? ఆ ప్రశ్న రాత్రి పదకొండు గంటలకు, డీసీఎం గల్లీ మొదట్లోనే ఇరుక్కున్నప్పుడు వేసుకోండి. గేటు వెడల్పూ అప్పుడే కొలుచుకోండి. నిద్రలేచి వచ్చిన ఇంటి పక్క పెద్దాయన "ఎంతకు దెచ్చినవ్ బిడ్డా?" అని అడుగుతాడు. కారు ధర ఒక్కటే చెప్పండి. తెగిన తాడు, వంగిన పైకప్పు, జేసీబీ కిరాయి, డ్రైవర్ వెయిటింగ్, బావమరిది చేతికట్టు కలపొద్దు.

ఇవేవీ పాటించనివాళ్లూ ఉన్నారు. ముందురోజే మెకానిక్‌ను తీసుకెళ్లి చక్రాలు విడిపించి, గాలి నింపి, కాగితాలు సరిచూసుకుని, పొద్దున్నే టోయింగ్ బండి పిలిపించి, అడిగినంత ఇచ్చి మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరతారు. వాళ్ల కారు కొన్నప్పుడు ఎట్లుందో అట్లనే వస్తుంది. పెళ్లిళ్లలో చెప్పుకోవడానికి మాత్రం వాళ్ల దగ్గర ఒక్క ముచ్చటా ఉండదు.