బూటు లేని ఊరిలో బూటుకత్తి

ఆయుధముల మంచిచెడ్డలు తేల్చువానికి శౌర్యమైనను ఉండవలెను, లోహశాస్త్రమైనను తెలిసియుండవలెనని లోకమున నొక నమ్మకము కలదు. కాని ఆ రెండింటిలో ఏదియు లేకపోయినను, ముక్కుపై కండ్లజోడు నిలిచియున్నదను ఒక్క కారణముచేత, కౌతాళములో మా వీధివారు ఏ వస్తువు కొన్నను దానిని పరీక్షార్థము నాయొద్దకు తెచ్చుట పరిపాటియైనది. కోడెల పండ్లు, గోడగడియారపు ముండ్లు, పత్తివిత్తనముల పొట్లములపై ముద్రించిన సన్నని అక్షరములు, సమస్తమును నా విమర్శకు పాత్రములే. ఈ శ్రావణమాసమున ఉరుకుంద ఈరన్నస్వామి దర్శనమునకు పోయిన మా బావమరది, కొబ్బరిచిప్పలతోను పిల్లలకు బూరలతోను తృప్తినొందక, జాతర అంగడిలో ఒక కత్తిని కూడ కొని, తెచ్చి నా బల్లపై నుంచెను.

"బూటులోపల పెట్టుకునేదంట బావా. రెండొందలు చెప్పినాడు, నూటిరవైకి కొట్టినా. ఎట్లుండాదో చూడు."

చూచితిని. మడవబడని కత్తి, నాలుగంగుళముల అలుగు, నల్లని ఒర, ఒరకొక యినుపకొక్కెము. కౌతాళములో బూట్లు తొడుగువారు రెండు తెగలవారు: పోలీసులు, క్రొత్త పెండ్లికొడుకులు. మొదటివారికి ఈ కత్తి అక్కరలేదు. రెండవవారికి ఇచ్చుట క్షేమము కాదు. తక్కినవారమందరము మెట్లు తొడుగువారమగుటచే, వాన కురిసిన మరునాడు నల్లరేగడి ఆ మెట్లకు పట్టినప్పుడు గీకివేయుటకే ఇది అక్కరకు రావలసియున్నది. స్కాట్లండు దేశీయులు పండుగదుస్తులు ధరించునపుడు మోకాటి క్రింది మేజోటిలో ఒక చిన్నకత్తిని పిడి పైకి కనబడునట్లు దోపుకొందురు; వారికి చలి కలదు గనుక మేజోడు కలదు, మేజోడు కలదు గనుక కత్తికి తావు కలదు. మన సీమలో పౌరుషమునకు వేరొక పద్ధతి యున్నది. ఇచ్చటికి చేరువనున్న దేవరగట్టులో విజయదశమి రాత్రి మాళమల్లేశ్వరుని బన్ని ఉత్సవమున జనులు వేలకొలదిగా కర్రలు చేబూని, దివిటీల వెలుగులో బాహాటముగా తలపడుదురు. అట్టి చోట కాలిజోటిలో దాచిన నాలుగంగుళముల రహస్యమును ఎవరు లెక్కచేయుదురు? ఆయుధచట్టము క్రింది నిబంధనలు వ్రాసినవారు సహితము 9 అంగుళములకు మించిన పొడవునో, 2 అంగుళములకు మించిన వెడల్పునో చూచి కత్తికి జడిసిరి గాని, ఇది ఆ పొడవులో సగమైనను లేదు.

ఐనను భయపెట్టుటకు కావలసిన సామగ్రినంతయు దీనిమీద కూర్చినారు. వెన్నున ఱంపపుపండ్లు, అవి దేనిని కోయునో తెలియదు గాని ఒరను మాత్రము కోయుచున్నవి. అలుగుపై నొక పుర్రెబొమ్మ. ఆ పుర్రె క్రింద 420 అను అంకె.

ఆ అంకెను చదివి వినిపింపగనే మా బావమరది ముఖము వివర్ణమయ్యెను. పాప మాతని దోషమేమి? 1860 నాటి శిక్షాస్మృతిలో 420వ సెక్షను మోసమునకు చెందినదగుటచేత, మన దేశమున ఆ సంఖ్య సంఖ్యగా నుండుట మాని తిట్టుగా పరిణమించినది. 2024 జూలైలో క్రొత్తస్మృతి వచ్చి మోసమును 318వ సెక్షనులోనికి మార్చినను, తిట్టు మాత్రము పాత చిరునామాలోనే కాపురమున్నది. నేను అభయమిచ్చి, అది తుప్పుపట్టని ఉక్కులో ఒక రకము పేరనియు, నూటికి 12 మొదలు 14 పాళ్ళు క్రోమియమును, కొలదిగా కర్బనమును కలిగి, చవుకకత్తులలో విరివిగా వాడబడుననియు తెలిపితిని. తన సంఖ్యను నుదుట వ్రాసికొని తిరుగు మోసగాడు ఎచ్చట నుండును? ఈ ఉక్కు మెత్తనిది, నూరిన వెంటనే పదునెక్కును, పని ప్రారంభించిన వెంటనే పదును దిగును, చెమ్మకు చలింపదు. 1913లో షెఫీల్డు నగరమున హ్యారీ బ్రియర్లీ ఇట్టి క్రోమియపు ఉక్కును వెలువరించినపుడు, అచ్చటి కత్తులవారు ఆయనను తెగని కత్తులు కనిపెట్టిన మహానుభావుడని గేలిచేసిరట! గేలిచేయుటకు వారికైనను అధికారము లేదు. మనకు కొంత కలదు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో మూసల యందు వండిన ఉక్కుముద్దలకై పారశీక వర్తకులు సముద్రములు దాటి వచ్చెడివారు. దక్షిణదేశపు ఉక్కులోని మర్మమేమో తెలిసికొనుటకు కమ్మరి కుమారుడైన మైకేల్ ఫారడే 1819లో దానిని పరీక్షించి ప్రకటించెను. అట్టి దేశమున పుట్టియు, పుర్రెబొమ్మను చూచి కత్తి కొను కాలము మనకు దాపురించినది.

పుస్తకజ్ఞానము ఇంతటితో ముగియుటచే, కత్తిని కమ్మరికొలిమికి గొనిపోతిమి. ఆయన పుర్రెను చూడనే లేదు. ఆకురాతితో అంచును ఒక్కసారి గీచెను. రాయి జారక చురుకున పట్టినది. కాల్చి చల్లార్చుటలో శ్రద్ధ చాలదనుటకు అదియే సాక్ష్యము. పిమ్మట పిడిని చెవియొద్ద నూపి, లోన గలగల వినబడగా చిరునవ్వు నవ్వి, చీలను ఊడదట్టెను. ఒక కత్తికి ప్రాణమంతయు పిడిలోనికి చొచ్చిపోవు దాని తోకలో నుండును. ఆ తోక పిడి చివరివరకు వెడల్పుగా సాగినచో ఎంత ఒత్తినను భయము లేదు. మా కత్తి తోక చిటికెనవ్రేలిలో సగముండి, ఎలుకతోకవలె సన్నగిల్లి, మిగిలిన చోటునంతయు లక్కకు వదలిపెట్టియున్నది.

"ముఖానికి పెట్టిన దుడ్డు తోకకు పెట్టలేదు సామీ," అని కమ్మరి తీర్పు చెప్పెను. లోహశాస్త్రములో ఇంతకంటె సంగ్రహమైన వాక్యమును నేను చదివియుండలేదు.

ఇంటికి వచ్చిన పిమ్మట మా ఇంటియామె దానితో ఉల్లిగడ్డలు తరిగి, పదును పరవాలేదని ఒప్పుకొని, కొబ్బరికాయ జోలికి మాత్రము పోవలదని తమ్ముని హెచ్చరించి, మరల కత్తిపీట ముందు కూర్చుండెను. వేరుసెనగ బస్తాల పురికొస తెంపుటకు అది నిక్షేపమువలె నున్నదని బావమరదియు ధైర్యము తెచ్చుకొనెను.

కావున నా మదింపు ఇది: అలుగునకు ఏబది రూపాయలు, ఒరకు ఇరువది, తక్కిన ఏబది పుర్రెకును ఱంపపుపండ్లకును. లారీ కమానుపట్టీ ముక్క నొకదానిని కమ్మరికిచ్చి, తోక నిండుగా నుంచి కత్తి చేయుమన్నచో, తుప్పు తుడుచుకొను ఓపికగలవానికి ఇంతకంటె మేలైన వస్తువు దొరకును. ఓపిక లేక, ఎమ్మిగనూరు జాతరలో అంగడికత్తినే కొనదలచిన పాఠకులు పిడిని చెవియొద్ద నూపి చూడుడు; చప్పుడు లేనిచో, పుర్రెబొమ్మ వెల తగ్గింపుమని అడిగి కొనుడు.