ఆటగాడి ఆటవెలది: టీకాతాత్పర్య సహితం

మూలం

బాలుఁ డొకఁడు వచ్చె బర్మింగుహాములో;
రెండు రెండ్ల వీపు; రేఁగె దుమ్ము;
జర్మనీకి నేఁగె, జతగూడె మాడ్రిడున్;
నడుమనుండి యాడి నాటె బంతి.

అవతారిక

ఈ పద్యానికి కర్త ఎవరని పండితులు తాళపత్రాలు వెతకనక్కర్లేదు. పద్యమూ నాదే, టీకా నాదే. కవిహృదయం ఇదీ అని టీకాకారుడు తేల్చాక కాదనే హక్కు కవికి మిగలకూడదన్న సదుద్దేశంతో రెండు పనులూ ఒక్కరే చేపట్టడమైనది. ఆధారం లేనిదీ, అక్కర లేనిదీ రాయనని కొలచాల మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. ఆయన మన మెతుకుసీమవాడే కనుక ఆ ప్రతిజ్ఞలో మొదటి సగం తప్పక పాటిస్తాను. రెండో సగం సంగతి చదువరులు చూసుకోవాలి.

కథానాయకుడు జూడ్ విక్టర్ విలియం బెల్లింగ్‌హామ్. జననం 2003 జూన్ 29, ఇంగ్లండులో వెస్ట్ మిడ్‌లాండ్స్, స్టౌర్‌బ్రిడ్జ్ పట్టణం. తండ్రి మార్క్ ఒకప్పుడు పోలీసు సార్జెంటు. డ్యూటీ దిగాక చిన్న లీగుల్లో వందలకొద్దీ గోల్స్ కొట్టినవాడు. తండ్రి జీతం రక్షణలో, సరదా దాడిలో. కొడుకు రెంటికీ నడుమ నిలబడ్డాడు. ధీరోదాత్తుడా, ధీరోద్ధతుడా అన్నది అభిమానులకూ రిఫరీలకూ మధ్య ఇంకా తెగని వ్యాజ్యం.

ప్రతిపదార్థం

బాలుఁ డొకఁడు = ఒకానొక పిల్లవాడు. ఇది కవుల అతిశయోక్తి కాదు, దీనికి లెక్క ఉంది. 2019 ఆగస్టు 6న పోర్ట్‌స్‌మత్‌లో లీగ్ కప్ మ్యాచికి బర్మింగ్‌హామ్ సిటీ ఇతణ్ణి దించినప్పుడు వయసు 16 ఏళ్ల 38 రోజులు. ఆ క్లబ్బు పెద్దల జట్టుకు ఆడిన అతి పిన్నవాడిగా 1970 నుంచి ట్రెవర్ ఫ్రాన్సిస్ పేరున ఉన్న రికార్డు ఆ సాయంత్రంతో చెల్లిపోయింది. మ్యాచి కూడా 3-0తో చెల్లిపోయింది. కావ్యారంభం మంగళకరంగా ఉండాలి కదా అంటే, అదే నెల 31న స్టోక్ సిటీ మీద గెలుపు గోల్ కొట్టి ఆ దోషానికి శాంతి చేసుకున్నాడు. అయినా బాల్యమనే బిరుదుకు ఆయుష్షు తక్కువ. 2021 జూన్ 13న వెంబ్లీలో క్రొయేషియా మీద ఆడి, యూరో పోటీల్లో దిగిన అతి పిన్నవాడిగా పేరు రాయించుకున్నాడు. ఆరు రోజులకల్లా పోలండు కుర్రాడొకడు ఆ పేరు తుడిచేశాడు.

వచ్చె = ప్రవేశించెను. శంక: ఏడెనిమిదేళ్ల ప్రాయం నుంచీ అదే క్లబ్బులో చదువుకున్నవాడు కొత్తగా వచ్చేదేమిటి? సమాధానం: పిల్లల జట్టు గదిలోంచి పెద్దల జట్టు గదిలోకి వచ్చాడని అర్థం. ఆ నాలుగడుగుల దూరం నడవలేక మధ్యలోనే ఆగిపోయేవాళ్లే ఎక్కువ కనుక ‘వచ్చె’ అన్న క్రియ సార్థకం.

రెండు రెండ్ల వీపు = రెండు రెండ్లు వీపునందు గలవాడు. బహువ్రీహి. ఎక్కాలు బాగా వచ్చినవారు నాలుగు అని తొందరపడరాదు. ఇవి హెచ్చవేసే రెండ్లు కావు, పక్కపక్కన నిలబెట్టే రెండ్లు. చొక్కా మీద అంకె 22. దీని వెనక ఒక కూడిక ఉంది. ఇంగ్లండు ఫుట్‌బాల్ పరిభాషలో 4 అంటే వెనక కాపుకాసే మిడ్‌ఫీల్డరు. 8 అంటే ఈ పెనాల్టీ బాక్సు నుంచి ఆ పెనాల్టీ బాక్సు దాకా పరుగెత్తేవాడు. 10 అంటే ముందుండి గోలుకు దారి తీసేవాడు. నువ్వు మూడూ కాగలవని అకాడమీ కోచ్ మైక్ డాడ్స్ ఇతనికి నూరిపోశాడు. మూడూ కలిపితే 22. మూడు విద్యలు వచ్చినవాడికి మూడు ఉద్యోగాలూ ఒకేసారి అంటగట్టడం లోకరీతి అని ఆ వయసులో అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఈ మాట గుర్తుంచుకోండి, కిందకి పనికొస్తుంది.

రేఁగె దుమ్ము = ధూళి లేచెను. శ్లేష. మొదటి అర్థం మైదానానికి సంబంధించింది, దాని జోలికి పోవద్దు. రెండోది పత్రికలకు సంబంధించింది. 2020 జూలైలో ఇతడు వెళ్లిపోతుంటే, 22 అంకె ఇక ఎవరికీ ఇవ్వబోమని క్లబ్బు ప్రకటించింది. వయసు 17, ఆడిన మ్యాచులు 44, కొట్టిన గోల్స్ 4. దేశమంతా నవ్వింది. జీవితమంతా ఒక క్లబ్బుకే ధారపోసి, రిటైరై, నెత్తి బట్టతల అయితే తప్ప దక్కని గౌరవం ఇది. నవ్విన వారిది పూర్వపక్షం. సిద్ధాంతం ఏమంటే, కరోనా కాలం, గ్యాలరీలు ఖాళీ, టికెట్ల డబ్బు సున్న; ఆ ఏడు ఈ పిల్లవాడి బదిలీ మీద వచ్చింది సుమారు రెండున్నర కోట్ల పౌండ్లని వార్త. చొక్కా దాచిన బీరువాలోనే రసీదూ దాచి ఉంటారు. క్లబ్బు చేసింది తప్పని నేననను. తమ ఊరి వీధుల్లోంచి మళ్లీ ఇలాంటివాడు వస్తాడో రాడో అన్న దిగులుకు అది కూడా ఒక రకం దస్తావేజు.

జర్మనీకి నేఁగె = బొరుస్సియా డోర్ట్‌మండ్ క్లబ్బులో చేరెను. మాంచెస్టర్ యునైటెడ్ వారు సర్ అలెక్స్ ఫెర్గుసన్ అంతటివాణ్ణి ఎదుట కూర్చోబెట్టి పిలిచినా పోలేదు. డోర్ట్‌మండ్ కుర్రాళ్లను బెంచీ మీద ఊరబెట్టదు, ఆడిస్తుంది. జేడన్ సాంచో అంతకు మూడేళ్ల ముందే ఆ దారి చూపాడు. తల్లి డెనీస్ తోడు వెళ్లింది, తండ్రి తమ్ముడు జోబ్‌ను చూసుకుంటూ ఉండిపోయాడు. మొత్తం 132 మ్యాచులు, 24 గోల్స్, 2021లో జర్మన్ కప్పు. ఆఖరి అంకం మాత్రం చదవలేం. 2023 మే 27న సొంత మైదానంలో మైంట్స్‌ను ఓడిస్తే లీగ్ టైటిల్ వాళ్లదే. 2-2 దగ్గర ఆగిపోయారు. అటు కొలోన్‌లో 89వ నిమిషంలో జమాల్ ముసియాలా గోల్ కొట్టి బయర్న్‌కు కిరీటం పెట్టాడు. ఇంగ్లండు బాలల జట్లలో మన నాయకుడితో కలిసి ఆడిన స్నేహితుడే ఆ ముసియాలా. మన నాయకుడు మోకాలి నొప్పితో బెంచీ మీద ఉన్నాడు, ఒక్క నిమిషమైనా ఆడలేదు. నాయకుడు రంగం మీదే ఉండి ఒక్క మాటా లేకుండా ముగిసే అంకాన్ని ఏమంటారో భరతుడు చెప్పలేదు.

జతగూడె మాడ్రిడున్ = రియల్ మాడ్రిడ్‌తో కలిసెను. వెల 10.3 కోట్ల యూరోలు, పైన షరతుల సొమ్ము వేరే. అక్కడ 22 రూడిగర్ వీపు మీద ఉండడంతో ఇతనికి 5 వచ్చింది. ఒకప్పుడు జిదాన్ తొడిగిన అంకె. ఏడాది తిరక్కుండానే 2024 జూన్ 1న వెంబ్లీలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడాడు. ఎదుట ఎవరయ్యా అంటే డోర్ట్‌మండే. వినీసియస్ కొట్టిన రెండో గోలుకు బంతి అందించి, పాత ఇంటివాళ్ల ఆశ తానే ఆర్పాడు. కవి ‘జతగూడె’ అన్నాడు గానీ, ఎవరితో విడిపోయి కూడాడో పద్యంలో చోటు చాలక చెప్పలేదు.

నాటె బంతి = బంతిని వలలో దిగవేసెను. బంతిపూల మొక్క నాటెనని చెప్పే తోటమాలి వ్యాఖ్య త్యాజ్యం. ఉదాహరణలకు కరువు లేదు. 2023 అక్టోబరు 28న మోంజుయిక్‌లో బార్సిలోనా మీద వెనకబడి ఉన్న మాడ్రిడుకు రెండు గోల్స్ కొట్టి గెలిపించాడు, రెండోది 92వ నిమిషంలో. 2024 జూన్ 30న యూరో పోటీలో స్లొవేకియా చేతిలో ఇంగ్లండు ఓడి ఇంటికి బయల్దేరబోతుంటే, 95వ నిమిషంలో గోలుకు వీపు తిప్పి, గాల్లో తలకిందులై తన్నాడు. అప్పటిదాకా ఆ జట్టు గోలు మీదికి సరిగ్గా ఒక్క షాటూ కొట్టలేదు. ఆ ముచ్చట జరిగిన గెల్సెన్‌కిర్షెన్ స్టేడియం షాల్క్ క్లబ్బుది, అనగా డోర్ట్‌మండ్ వారికి పక్క ఊరి ఆగర్భశత్రువుది. సెర్బియా మీద తల గోల్ కొట్టిందీ అక్కడే. ఆ యూరోలో ఇతని రెండు గోల్సూ శత్రువు పెరట్లోనే పడ్డాయని డోర్ట్‌మండ్ వారు ఇప్పటికీ సంతోషించవచ్చు.

ఇక తార్కికుల వంతు. 2024 మార్చి 2, వలెన్సియా, స్కోరు 2-2. చివరి క్షణాన పక్కనుంచి బంతి గాల్లోకి లేచింది. రిఫరీ విజిల్ ఊదాడు. ఇతడు తల ఆనించాడు. బంతి వలలో పడింది. ఇది గోలా, కాదా? బంతి లేచినప్పుడు మ్యాచి ఉంది కనుక గోలేనని ఒక మతం. మ్యాచి అనే ఆధారం నశించాక గోల్ అనే ఆధేయం దేనిమీద నిలుస్తుందని ఇంకో మతం. గాల్లో బంతి ఉండగా విజిల్ ఊదకపోవడం ఆచారం, కానీ సమయం చూసే అధికారం రిఫరీ ఒక్కడిదే అన్నది శాస్త్రం. ఆచారం కన్నా శాస్త్రం బలీయం. ఇది ఒప్పుకోక వాదానికి దిగిన నాయకుడికి రెడ్ కార్డు, రెండు మ్యాచుల నిషేధం దక్కాయి.

ఔద్ధత్య ప్రకరణం ఎలాగూ తెరిచాం కనుక ముగించేద్దాం. 2021 డిసెంబరులో బయర్న్ మ్యాచి తరువాత రిఫరీ గతాన్ని తవ్వినందుకు 40,000 యూరోల జరిమానా. స్లొవేకియా మ్యాచిలో చేసిన సైగకు 30,000. 2025 ఫిబ్రవరి 15న ఒసాసునా మీద ఆడుతూ పలికిన పలుకుకు మళ్లీ రెడ్ కార్డు. ఇక్కడ పాఠభేదం ఉంది: రిఫరీ నివేదికలో రాసినది ఒకటి, తాను పలికింది ఇదీ అని ఇతడు చెప్పినది ఇంకొకటి, తేడా ఒక్క చిన్న పదం. రెండు పాఠాలూ అచ్చుకు ఎక్కదగినవి కావు కనుక పరిష్కర్త మౌనం వహిస్తున్నాడు.

నడుమనుండి యాడి = మధ్యస్థానమున వర్తించి. వరస తప్పించి దీన్ని చివరికి ఉంచడానికి కారణముంది. ఏ నడుమ? 2023-24లో బెంజెమా వెళ్లిపోయి ఆ చోట సరైనవాడు లేక, కోచ్ అంచెలోటీ ఇతణ్ణి పైకి తోశాడు. 10వ అంకె పని అది. లీగులో 19 గోల్స్ వచ్చాయి, లీగ్ ఉత్తమ ఆటగాడి బహుమతి వచ్చింది, 2024 బాలన్ డోర్‌లో మూడో స్థానం వచ్చింది. తరువాతి వేసవిలో పైన ఎంబాపె వచ్చాడు, కింద క్రూస్ వెళ్లాడు. పైన చోటు పోయింది, కింద పని పెరిగింది. 8వ అంకె పనీ, అప్పుడప్పుడు 4వ అంకె పనీ నెత్తిన పడ్డాయి. 2023 నవంబరులో తొలగిన ఎడమ భుజానికి పట్టీ కట్టుకుని ఏడాదిన్నర పైన ఆడి, 2025 జూలైలో గానీ ఆపరేషన్ చేయించుకోలేదు. ఆ రెండో సీజన్‌లో లీగ్ గోల్స్ 9. పిల్లవాడు చెడిపోయాడని పత్రికలు తీర్పు ఇచ్చేశాయి.

ఆ తీర్పు అన్వయదోషం. పద్యం చూడండి: ‘యాడి’ అసమాపక క్రియ, ‘నాటె’ సమాపక క్రియ. వాక్యం ‘నాటె’ దగ్గర ముగుస్తుంది కనుక చదివేవాళ్ల చూపు అక్కడే ఆగుతుంది. గోలు సంఖ్య పెరిగితే శభాష్, తగ్గితే అయ్యో. ఎదుటివాడి కాలి దగ్గర బంతి గుంజుకోవడం, దాన్ని ముప్పై గజాలు మోసుకుపోవడం, తన మనిషి ఖాళీ చేసిన చోటు నింపడం, అందరూ చేరాక ఆలస్యంగా పెనాల్టీ బాక్సులోకి దూరడం ‘యాడి’లో ఉన్నాయి. మిడ్‌ఫీల్డరు ఉద్యోగమంతా ఆ అసమాపకంలోనే ఉంది.

తాత్పర్యం

పదహారేళ్లకు తాను పెరిగిన క్లబ్బు జట్టులో దిగి, పదిహేడేళ్లకు ఒక అంకెను బీరువా కెక్కించి, రెండు దేశాలు మారి, ఇరవయ్యొక్క ఏళ్లు నిండేలోగా ఐరోపా కప్పు పట్టిన ఒక మధ్యస్థుణ్ణి, గోల్స్ లెక్కతో తూచేవారు తప్పు తక్కెడ పట్టుకున్నారని భావం. ఇతణ్ణి 8వ అంకెలో వదిలేసి ఓపిక పట్టే కోచ్ దొరికితే ఆట ఇంకా బాగుంటుందని టీకాకారుడి స్వతంత్రాభిప్రాయం. మూలంలో దీనికి ఆధారం లేదు.

మాడ్రిడ్‌లో చేరినప్పుడు రాసుకున్న ఒప్పందం 2029 జూన్ దాకా. అప్పటికి ఇతనికి నిండేవి 26 ఏళ్లే. ఈ టీక రెండో ముద్రణ అప్పుడే.