కంఠదాత ఫారియన్

సంగీత నిర్మాత ఫ్రాంక్ ఫారియన్ గారూ, మీ చెవికి దండం పెట్టాల్సిందే. ఏ పాట జనం నోట నానుతుందో మీకు ముందే తెలిసేది. 1976లో ‘రాకీ’ పాడి జర్మనీలో నంబర్ వన్ అయ్యారు. అంతటి గాయకుడు తన గొంతు ఇంకొకరికి ఇచ్చేయడం మాటలా? బోనీ ఎం బృందం పేరు మీద వచ్చిన మొదటి పాట పాడింది మీరే. టీవీలో కనబడాల్సి వచ్చాకే మనుషుల్ని వెతికారు. వేదిక మీద చిందులేసింది బాబీ ఫారెల్, రికార్డులో ఆ మగగొంతు మీది. కర్ణుడు కవచకుండలాలిచ్చాడు, మీరు కంఠమే ఇచ్చారు.

ఆ తర్వాత మీ దాతృత్వం ఇంకా పెరిగింది. ఇతరుల గొంతులూ దానం చేశారు. మిల్లీ వనిల్లీ అనే జంట కోసం పాడింది చార్ల్స్ షా, జాన్ డేవిస్, బ్రాడ్ హోవెల్. అట్ట మీద బొమ్మ రాబ్ పిలాటస్, ఫాబ్ మోర్వన్‌లది. అమెరికాలో మూడు పాటలు నంబర్ వన్ అయ్యాయి. 1989 వేసవిలో కనెక్టికట్‌లో ప్రదర్శన జరుగుతుండగా రికార్డింగు ఒకచోట ఇరుక్కుంది. పాటలో అదే ముక్క మళ్లీ మళ్లీ మోగుతుంటే రాబ్ కాసేపు తంటాలు పడి, చివరికి వేదిక మీంచి పరుగెత్తాడు. మీ రికార్డింగు మాత్రం అన్నిసార్లూ శ్రుతిలోనే మోగింది.

1990 ఫిబ్రవరిలో ఆ జంటకు గ్రామీ అవార్డు వచ్చింది. ఇక మేమే పాడతామని కుర్రాళ్లు పట్టుబడితే, నవంబరులో మీరు పత్రికల వాళ్లకు గుట్టు విప్పేశారు. మీ సత్యసంధతకు వంక పెట్టలేం, చెప్పింది అక్షరాలా నిజం. గ్రామీ లాక్కున్నది వాళ్ల దగ్గర్నుంచి. మీరు 1991లో అసలు గాయకులతో ఇంకో ఆల్బమ్ తెచ్చారు. ముందు అబద్ధాన్నీ, తర్వాత నిజాన్నీ ఒకే అంగట్లో అమ్మగల నేర్పు అందరికీ అబ్బదు.

మా సినిమాల్లోనూ ఒకరు పాడితే ఒకరు పెదవులు కదుపుతారు. అయితే రామారావు గారికి పాడింది ఘంటసాల అని రికార్డు మీదే ఉండేది, ఊళ్లో చిన్నపిల్లలకూ తెలిసేది.

రాబ్ 1998లోనే చనిపోయాడు. మీరు 2024లో, 82 ఏళ్ల వయసులో మయామీలో కన్నుమూశారు. పాటలో ప్రతి గొంతునూ ఎక్కడ ఉంచాలో తెలిసిన మీకు, పాడినవాళ్ల పేరు ఎక్కడ వేయాలో తెలియదంటే నమ్మను. మీరు వేయదలచుకోలేదు.